చెప్పులక్క మింగేసిన సలహా

ఆ పాత పుణ్యనగరానికి కొత్తగా వచ్చేవాళ్ళకి గైడ్ల కబుర్ల కన్నా, గుడి గేటు దగ్గర చెప్పులు కాసే ఆవిడ మాటలే ఎక్కువ పనికొస్తాయి. అందరూ ఆవిణ్ణి చెప్పులక్క అంటారు.

"ఇటు వెళ్ళినవాళ్ళని మళ్ళీ ఇటు రానివ్వరండీ. మరమ్మతులు జరుగుతున్నాయి, అవతలి గేటు నుంచి పంపేస్తారు. అక్కడన్నీ రాళ్ళు, నీడుండదు. పొద్దెక్కాక వస్తే మాత్రం చెప్పులు నా దగ్గర పెట్టకండి, సంచీలో వేసుకుని పట్టుకెళ్ళండి."

"నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావేంటే?" అంటుంది పక్కనే బొమ్మలమ్మే ఆవిడ.

"కాళ్ళు కాలితే ఎలా ఉంటుందో నాకు తెలుసులే."

తెలియక ఏం? భర్త పోయిన కొద్దిరోజులకే, ఆయన నడిపిన యాత్రల ఆఫీసుకి మరిది తన తాళం వేసుకున్నాడు. ఇదేమిటని అడగబోతే మిట్టమధ్యాహ్నం రెక్క పట్టుకుని వీధిలోకి గెంటాడు. "చెప్పులైనా వేసుకోనివ్వు" అంది. మొహం మీదే తలుపేశాడు. అత్తగారు గుమ్మంలోనే ఉంది, నోరు మెదపలేదు. తారురోడ్డు మీద నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. బొబ్బలు మానాయి కానీ కడుపుమంట మానలేదు. ఆవిడ మాననివ్వలేదు కూడా. వాడి కాళ్ళు కాలడం కళ్ళారా చూస్తే తప్ప చల్లారనని ఒట్టేసుకుంది.

ఆ మరిది ఒకరోజు తల్లిని వెంటబెట్టుకుని ఆ గేటు దగ్గరే కారు దిగాడు, అదీ ఎండ నడినెత్తికొచ్చాక.

"ఓహో, వదినా! మొత్తానికి నీకు తగ్గ పనే దొరికిందే!" అంటూ చెప్పులు విడిచి, కాలితో ఆవిడ వైపు నెట్టాడు.

ముసలావిడ కూడా చెప్పులు విడుస్తూ నసిగింది. "ఎండ మండిపోతోందిరా. ఎలా వెళ్ళాలో వదిన్ని ఓసారి అడుగు."

"ఈవిణ్ణా? ఈ ఊరికి రోజూ బస్సులు పంపేవాణ్ణి, నాకిది కొట్టిన పిండి."

బస్సులు పంపడమే కానీ దొరగారు బస్సు దిగి చూసి ఏళ్ళయింది. ఇటు వెళ్ళినవాళ్ళని ఇటు రానివ్వరన్న మాట, అలవాటు కొద్దీ, చెప్పులక్క నాలుక చివరిదాకా వచ్చింది. గుటుక్కున మింగేసింది.

"హాయిగా వెళ్ళిరండి" అంది, నోట్లో చక్కెర పోసుకున్నట్టు.

వాళ్ళు లోపలికి వెళ్ళగానే, బల్ల దగ్గర బొమ్మలావిణ్ణి కూర్చోబెట్టి, రెండు జతలూ సంచీలో వేసుకుని పక్క సందులోంచి అవతలి గేటుకి బయల్దేరింది. వాడొక్కడే అయితే వట్టి చేతులతోనే వెళ్ళేది. పగుళ్ళుబారిన అత్తగారి ముసలి మడమలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

మరిది రాళ్ళ మీద గంతులేస్తూ వచ్చాడు. నల్లకళ్ళద్దాలు జారి గడ్డం మీదికొచ్చాయి. ఎంత హాయిగా ఉందో ఆవిడకి! తల వెనక్కి వాల్చి నవ్వింది. తర్వాత గోడ పట్టుకుని దేకుతున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి, వంగి, ఆవిడ కాళ్ళకి చెప్పులు తొడిగింది. రెండో జత చేతిలోనే ఉంచుకుంది.

"వదినా, కాలిపోతున్నాయి! చెప్పులైనా వేసుకోనివ్వు!"

"ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ, మరిదీ?" చెప్పులు మళ్ళీ సంచీలో పడేసింది. "విడిచిన చోటే ఉంటాయి, వచ్చి తీసుకో. దారి నీకు కొట్టిన పిండేగా."

వాడు ఒంటికాలి మీద నిలబడి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పవే!"

అత్తగారు కొడుకు మొహం చూసింది, తన కాళ్ళకున్న చెప్పులు చూసుకుంది. ఆ రోజు గుమ్మంలో లాగే ఈ రోజూ నోరు మెదపలేదు. కోడలి భుజం ఆసరా చేసుకుని సందు వైపు నడిచింది.