ఓప్పియా ఎత్తుకున్న పిల్ల

రోములో మా సుబురా వాడ మొత్తానికి పగటి తల్లికి మొక్కే మనిషి ఒక్కతే, మంత్రసాని ఓప్పియా. తెల్లవారుతుండగా వీధిలోకి వచ్చి, నేలమీద ఇన్ని పాలు ఒలకబోసి, తూర్పుకు దండం పెట్టేది. మిగతావాళ్లంతా ఉరుములవాడు జూపిటర్‌కు పొట్టేళ్లు కోసేవాళ్లే. వీళ్లకు పగలు గుర్తొచ్చేది మంచిరోజు, నల్లరోజు చూసుకోవడానికే. నాకు ఈ జనమంటేనే రోత.

నేనుండే గది కింది వాటాలో, బట్టలుతికే కొట్టు నడిపే నుమిసియస్ కాపురం. నెల నడిమి పండుగ మర్నాడు, ఇంకా చీకటి ఉండగానే, వాడి భార్య హెల్వియా ప్రసవించింది. ఓప్పియా బిడ్డను గుడ్డలో చుట్టి నేలమీద పడుకోబెట్టింది. తండ్రి ఎత్తుకుంటేనే బిడ్డ ఆ ఇంటిది, లేదంటే చెత్తకుప్పే గతి. నుమిసియస్ కదల్లేదు.

"పండగ మర్నాడు నల్లరోజు. దీన్ని తీసుకెళ్లి పారెయ్, అవ్వా."

"ఎక్కడి నల్లరోజురా? పగటి తల్లి ఇంకా గడప దాటలేదు. ఇది నిన్నటి పండగ బిడ్డ!"

"రోజు అర్ధరాత్రే మారుద్దని పూజారులు చెప్పలా?"

"అయితే నీ పనోళ్లకి అర్ధరాత్రి నుంచి కూలి కట్టు!"

తలుపు దగ్గర చేరిన మేమంతా ఫక్కున నవ్వాం. వాడి ముఖం మాడిపోయింది. "సరే, నిన్నటిదే అనుకో" అంటూ వంగి గుడ్డ తొలగించి చూశాడు.

"ఆడదా? ఇంట్లో ఒకటుంది, చాలు. పారెయ్."

"ఒరేయ్, పగటి తల్లి కన్నదీ ఆడపిల్లనేరా! పెళ్లాం దొరకాలని ఆ కూతురు వీనస్‌కే కదా పావురాల్ని మొక్కుకున్నావు?"

వాడు వినలేదు. రోజంతా, మురికి వదలడానికి మూత్రం పోసిన తొట్లలో దిగి ఊరి బట్టలు తొక్కే ఆ మనిషి, కన్నబిడ్డ తగిలిన చేతిని అంగీకి తుడుచుకున్నాడు. తలుపు దగ్గరున్న మేమంతా ఒక అడుగు వెనక్కి వేశాం.

ఓప్పియా బిడ్డను ఎత్తుకుంది. "పారేసినవాడికి పేచీ లేదుగా? ఇది నాది."

"పాలెక్కణ్నుంచి తెస్తావే, ముసలిదానా?" అని ఎవరో ఇకిలించారు.

ఆ మర్నాటి నుంచి హెల్వియా రోజూ, మొగుడు లేవకముందే, దొంగలా ఓప్పియా గదికి వచ్చి, తన బిడ్డకు తనే పాలిచ్చి పోయేది.