డ్రమ్మర్ ఎడమ చెవి

రెండువేల పదుల తొలినాళ్లలో, ఒక మార్చి నెలలో, పశ్చిమ సిడ్నీలోని ఒక విశ్వవిద్యాలయపు వినికిడి క్లినిక్‌లో సీనియర్ ఆడియాలజిస్టుగా చేరాను. చెవికి వచ్చే జబ్బులను డాక్టర్లు చూస్తారు. ఎంత వినిపిస్తోంది, ఎంత వినిపించడం లేదు అన్నది కొలిచేది మేము. శిక్షణలో ఉన్న విద్యార్థులు చేసిన పరీక్షలను కూడా నేను సరిచూసి సంతకం పెడితేనే రిపోర్టు బయటికి వెళ్లేది.

సెమిస్టర్ మూడో వారంలో గ్రేస్ వచ్చింది. ఇరవై ఏళ్లు, సివిల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆరేళ్ల వయసులో తెనాలి నుంచి వచ్చి ఇక్కడి పెండిల్ హిల్‌లో పెరిగిన పిల్ల. మేం వెళ్లే తెలుగు చర్చిలో డ్రమ్స్ వాయించేది కనుక నాకు బాగా తెలుసు. తెలిసినవాళ్లు పరీక్షకు వస్తే వేరొకరి దగ్గరికి వెళ్లే వీలు ఉందని ముందే చెప్పాలి. చెప్పాను.

"ఫర్వాలేదు ఆంటీ, మీరే చూడండి. బట్ రిపోర్ట్ డాడీకి చూపించొద్దు, ప్లీజ్," అంది.

ఎడమ చెవిలో మూడు రోజులుగా సన్నగా ఈల మోగుతోందట. యూనిలో, అంటే యూనివర్సిటీలో, మరో ముగ్గురితో కలిసి బ్యాండ్ పెట్టింది. వాళ్లు వాయించేది థ్రాష్ మెటల్. గిటార్లూ డ్రమ్సూ ఊపిరి తీసుకోనివ్వకుండా పరుగెత్తే సంగీతం. ఈ పిల్లలెవరూ పుట్టకముందు, ఎనభైల్లో ఒక వెలుగు వెలిగి, తర్వాత మూలపడింది. దాన్నిప్పుడు ఇరవై ఏళ్లవాళ్లు పాత పద్ధతిలోనే, కంప్యూటర్ సాయం లేకుండా, ఒకే గదిలో కూర్చుని వాయిస్తున్నారు. అంత పాతది మీకెందుకు నచ్చిందని అడిగాను.

"ఫాస్ట్‌గా వాయించడం కాదు ఆంటీ, నలుగురం ఒకేసారి టక్కున ఆగాలి, అదే కష్టం. ఒక్కరు తప్పినా అందరికీ తెలిసిపోతుంది. వేరే మ్యూజిక్‌లో అయితే తర్వాత ఫిక్స్ చేసేస్తారు," అంది.

శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. మెల్లని స్వరాలు ఒక్కొక్కటే వినిపిస్తాం, వినబడగానే బటన్ నొక్కాలి. ఆ ఫలితాన్ని గీతగా గీస్తే అది ఆడియోగ్రామ్. కుడి చెవి గీత సమంగా ఉంది. ఎడమది సన్నని కీచు స్వరాలుండే నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర దిగబడి, ఆరు వేల దగ్గర ఇంకా కిందికి పోయింది. పెద్ద శబ్దం చేసే హాని ముందు అక్కడే కనిపిస్తుంది. అది తాత్కాలికమో శాశ్వతమో తేలాలంటే రెండు వారాలు చెవికి విశ్రాంతినిచ్చి మళ్లీ పరీక్షించాలి.

పది రోజుల్లో వాళ్లకు కచేరీ ఉంది. ఎనభైల నాటి ఒక బ్యాండ్ మళ్లీ కలిసి వాయిస్తుంటే, వాళ్లకు ముందు వాయించే అవకాశం ఈ పిల్లలకు దక్కింది. నేను మాత్రం రిపోర్టు చిత్తుప్రతిలో 'డ్రమ్స్ వాయించడం మానుకోవాలి' అని రాసేశాను. గ్రేస్ చదివి, "ఎప్పటిదాకా ఆంటీ?" అంది. గడువు నేను వేయనే లేదు.

మర్నాడు వాళ్ల నాన్న సుధాకర్ ఫోన్ చేశాడు. చెవికి పరీక్ష చేయించుకున్నానని మాత్రం గ్రేస్ ఇంట్లో చెప్పిందట.

"వందనాలు సిస్టర్. మా మాటైతే వినదు. చెవి పోద్దని మీరు గట్టిగా ఒక కాయితం రాసివ్వండి. ఆ గోల మానేసి చదువుకుంటది," అన్నాడు.

వయసొచ్చిన పిల్ల రిపోర్టు గురించి ఆమె అనుమతి లేకుండా మాట్లాడలేనని చెప్పాను. కానీ ఫోన్ పెట్టాక మనసు కుదురుగా లేదు. ఆయన అడిగిన కాగితాన్ని, ఆయన అడగకముందే, నేను సగం రాసి పెట్టాను. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందో, పక్కన ఏముంటుందో కూడా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం శబ్దాన్ని కొలిచే మీటరు తీసుకుని కెల్లీవిల్ వెళ్లాను. గిటార్ వాయించే లియమ్ వాళ్ల గరాజ్‌లో వాళ్ల సాధన. ఫ్యాక్టరీల్లో వాడే, చెవులు కప్పే ఇయర్ మఫ్స్ గ్రేస్‌కి పెట్టి, ఒక్క పాటే వాయించమన్నాను. మీటరును ఆమె ఎడమ చెవి పక్కన పట్టుకున్నాను. తర్వాత లియమ్‌ను ఒక్కడినే ఆపి, మిగతా ముగ్గురినీ వాయించమన్నాను. అంకె ఒక్కసారిగా పడిపోయింది. డ్రమ్స్ కూడా తక్కువేం కాదు, కానీ అసలు దెబ్బ లియమ్ ఆంప్లిఫయర్‌ది. అది పాత ఫ్రీజర్ పైన, సరిగ్గా గ్రేస్ ఎడమ చెవి ఎత్తున, మూరెడు దూరంలో ఉంది. లియమ్ మొహం పాలిపోయింది. "నేనే అక్కడ పెట్టమన్నా ఆంటీ, వాడి గిటార్ క్లియర్‌గా వినపడాలని," అంది గ్రేస్.

అక్కడే రిపోర్టు తిరగరాశాను: రెండు వారాలు వాయించకూడదు, ఆంప్లిఫయర్ నేల మీదికి, ఆమెకు ఎదురుగా మారాలి, చెవి అచ్చు తీసి చేసిన ఇయర్ ప్లగ్స్ లేకుండా ఇకపై కూర్చోకూడదు. కచేరీ ఆ రెండు వారాల్లోనే పడింది.  తన బదులు ఇంకో డ్రమ్మర్‌ని పెట్టుకోమని గ్రేస్ మిగతావాళ్లతో అంది. నేను కల్పించుకోలేదు. మర్నాడు ఆ ముగ్గురూ కలిసి నిర్వాహకులకు రాలేమని రాసేశారు. వాళ్లకు అలాంటి అవకాశం మళ్లీ వచ్చినట్టు నేను వినలేదు.

రెండో పరీక్షలో నాలుగు వేల దగ్గరి గుంట దాదాపు పూడింది. ఆరు వేల దగ్గరిది పూడలేదు. అక్కడి వినికిడి ఇక తిరిగి రాదని చెప్పాను. గ్రేస్ గీతను చూసి, "ప్లగ్స్ ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. ఆడియోగ్రామ్ తనే ఇంటికి తీసుకెళ్లి తండ్రికి చూపించింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం వాళ్లు యూని బార్‌లో వాయించారు. ముందు వరసలో నెరిసిన జుట్టువాళ్లూ, వాళ్ల పిల్లల వయసువాళ్లూ ఒకరినొకరు తోసుకుంటూ గెంతుతున్నారు. సుధాకర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేనిచ్చిన స్పాంజి ప్లగ్స్ చెవుల్లో పెట్టుకున్నాడు. నలుగురూ ఒక్కసారిగా ఆగినప్పుడు నా వైపు తిరిగి, అవసరం లేకపోయినా అరుస్తూ, "చర్చిలో ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వాయించలేదే సిస్టర్!" అన్నాడు. సంగీతం నచ్చిందని మాత్రం అనలేదు.

రిటైరయ్యేదాకా, సంగీతకారులు ఎవరొచ్చినా వాళ్లు కూర్చునే చోటు బొమ్మ గీయించుకున్నాకే పరీక్ష మొదలుపెట్టేదాన్ని. 'మానుకోవాలి' అని రాసిన రిపోర్టులో ఎందుకో, ఎన్నాళ్లో లేకపోతే విద్యార్థులకు తిప్పి పంపేదాన్ని. కొలవకుండా ఇచ్చే సలహాలో మన ఇష్టాయిష్టాలే ఎక్కువ ఉంటాయి.