నికనోరా వంటింట్లో బొగ్గుల కుండ

పోసో అమార్గోలో ప్రతి ఇంట్లోనూ ఒక పార, ఒక గడ్డపలుగు, చేత్తో రాసుకున్న నిధి జాడల కాగితం ఒకటి ఉంటాయి. చక్రవర్తి మొక్తెసూమా బంగారం పరాయివాళ్ల చేతికి చిక్కకూడదని అజ్టెక్ కూలీలు దాన్ని వీపుల మీద మోసుకొచ్చి ఈ ఎడారిలోనే ఎక్కడో పాతిపెట్టారని ఊళ్లో అందరికీ తెలుసు. ఎక్కడన్నదొక్కటే తెలియదు. ఆదివారం ప్రార్థన అయ్యీ అవకముందే మగా ఆడా నీళ్లు పట్టుకుని గుట్టల మీద పడతారు. సాయంత్రానికి చేతుల నిండా బొబ్బలతో ఇళ్లు చేరతారు.

నికనోరాకు మాత్రం నిధి దొరికింది. ఇరవై రెండేళ్లుగా అది ఆమె వంటింట్లో పిండి డబ్బా పక్కనే, మూతికి గుడ్డ కట్టించుకుని కూర్చుంది. కుండ నిండా బొగ్గులు.

నవ్వాల్సిన పని లేదు. తవ్వేవాళ్లలో ఒక్కరి కడుపులో కుళ్లున్నా బంగారం బొగ్గైపోతుందని అక్కడ పుట్టిన ప్రతివాడూ నమ్ముతాడు. ఆ కుళ్లు కడుక్కుంటే బొగ్గు మళ్లీ బంగారమవుతుందనీ అంటారు. అందుకే నికనోరా ప్రతి శుక్రవారం గుడ్డ విప్పి, ఒక బొగ్గు తీసి, వెలుతురులో పెట్టి చూసేది. వేళ్లు నల్లబడేవి. చేతులు కడుక్కుని రొట్టెల పిండి కలుపుకునేది.

ఆ కుండ బయటపడిన రోజున గుట్ట దగ్గర ఉన్నది ముగ్గురే. నికనోరా, ఆమె మొగుడు ఎవరీస్తో, అతని చెల్లెలు లిబ్రాదా. ఎవరీస్తో పశువుల దొడ్లకు కంచెలు కట్టేవాడు. వెన్నలాంటి మనిషి, నిధి మాట ఎత్తితే మాత్రం తిండి కూడా గుర్తుండేది కాదు. ఆ పొద్దున కాఫీ తాగుతూ, "బంగారం దొరికితే ముందు మా లిబ్రాదాకి రెండు గదుల ఇల్లు కట్టిస్తా. మొగుడు పోయిన పిల్ల, ఎక్కడ తలదాచుకుంటుంది?" అన్నాడు. నికనోరా వంటింటి పైరేకు అప్పటికి పదకొండేళ్లుగా తీగ ముక్కతో వేలాడుతోంది. ఊరందరి కంచెలూ బిగించే మనిషికి ఆ రేకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి గడ్డపలుగు కుండకు తగిలింది. మూత తీసి చూసి ఎవరీస్తో అక్కడే చతికిలబడ్డాడు. నుదురు తుడుచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, "ఎవరిదో చెప్పండి. నేనేమీ అనను," అన్నాడు.

లిబ్రాదా తెల్లబోయి వదిన వైపు చూసింది. నికనోరా ఆడపడుచు వైపు చూసింది. ఆ చూపు చాలు. లిబ్రాదా నోరు అసలే కత్తి, పైగా సొంత కొంప లేనిది. బొగ్గుల సంగతీ ఆ చూపు సంగతీ విని ఊరు సాయంత్రానికల్లా తీర్పు చెప్పేసింది. ఆమెదే కుళ్లు అని నికనోరా ఏనాడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

ఆ తర్వాత తవ్వకానికి లిబ్రాదాను ఎవరూ పిలవలేదు. అదైనా ఆమె ఓర్చుకునేదేమో. కందెలారియా పండుగకు ఊళ్లో ఆడవాళ్లంతా పెద్దావిడ ఎవులోహియా వాకిట్లో చేరి, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో పిండి చుట్టి తమాలెలు ఉడికిస్తారు. పొయ్యి దగ్గర అసూయపడే మనిషి ఉంటే అవి ఎంతసేపు పెట్టినా ఉడకవట. కాబట్టి ఆ పిలుపూ ఆగిపోయింది. ప్రతి ఏడూ లిబ్రాదా తన అద్దె గది గుమ్మంలో కూర్చుని ఆ వాసన పీల్చేది. ప్రతి ఏడూ పొయ్యి పక్కన పెద్ద పీట మీద నికనోరా కూర్చునేది. వదినా ఆడపడుచుల మధ్య మాటలు లేవు. ఎవరీస్తో పోయిన రోజున కూడా చెరో మూల నిలబడి ఏడ్చారు.

ఈ ఏడు పండుగకు రెండు రోజుల ముందు, నీళ్ల లారీ తోలే తానాచో ఒక కబురు మోసుకొచ్చాడు. లిబ్రాదా ఆదివారం హెర్మోసీయో పట్నంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇక రాదు. ఆ మాట వినగానే నికనోరా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. మర్నాడు తెల్లవారగానే కుండ చంకన పెట్టుకుని ఆడపడుచు తలుపు కొట్టింది.

"ఏంటి, దారి తప్పావా?" అంది లిబ్రాదా, తలుపు సగమే తెరిచి.

"గుట్ట దగ్గరికొస్తావేమోనని. కుండ తెచ్చాను. ముగ్గురం కలిసి నిలబడితే ఏమన్నా..."

"ముగ్గురమా? మా అన్న పోయి ఆరేళ్లయింది. ఆ సంగతైనా గుర్తుందా నీకు?"

నికనోరా శాలువా కిందనుంచి ఎవరీస్తో టోపీ తీసింది. చెమట మరకలు ఇంకా పోలేదు. లిబ్రాదా దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు సరిచేసి, లోపలికెళ్లి శాలువా కప్పుకొచ్చింది.

"పద. టోపీ కోసం వస్తున్నా, నీ కోసం కాదు."

తానాచో లారీ ఎక్కించుకున్నాడు. "పెద్దమ్మలూ, బంగారం దొరికితే నా బండికి టైర్లు కొనిపెట్టాలి మరి!"

"ముందు నీ బ్రేకులు చూసుకోరా. బతికి దిగితే టైర్ల సంగతి చూద్దాం," అంది లిబ్రాదా.

గుట్ట కింద ఎవరీస్తో తవ్విన గుంట సగం ఇసకతో పూడిపోయి ఉంది. నికనోరా టోపీని ఒక రాతి మీద పెట్టి, పక్కన కుండ దించింది. తవ్వే ముందు కడుపులో ఉన్నవన్నీ కక్కెయ్యడం అక్కడి ఆనవాయితీ. లిబ్రాదాను బతిమాలే అవసరం రాలేదు.

"మా అమ్మ రుబ్బురాయి పట్టుకుపోయావు, ఇవాళ్టిదాకా తెచ్చివ్వలేదు. నా కూతురి ముక్కు చిలకముక్కు అన్నావు. నా పెళ్లికి ఎండిపోయిన కోడిని పంపావు. అది చచ్చిందో, నువ్వే చంపావో ఆ దేవుడికెరుక."

"ముసలి కోడే. ఒప్పుకుంటున్నా," అంది నికనోరా. టోపీ మీది ఇసక దులిపింది. "లిబ్రాదా, ఆ రోజు కుళ్లు నాదేనే," అంది. "నీకు ఇల్లు కడతానన్నాడు చూడు, అప్పుడు నా కడుపు మండిపోయింది. ఆయన గడ్డపలుగు దించినప్పుడల్లా దొరక్కూడదు, దొరక్కూడదు అనుకున్నా. తర్వాత నీ వైపు చూసి ఊరుకున్నా."

నికనోరా కుండ గుడ్డ విప్పింది. ఆ నిమిషంలో కూడా ఆశ చావలేదు ఆమెకు, పిచ్చి తల్లి. లోపల బొగ్గులే ఉన్నాయి.

"చెప్పేశానుగా! ఇంకేం మిగిలింది నా దగ్గర?" అని భోరుమంది.

"ఎవరికి చెప్పావు?" అంది లిబ్రాదా. "నాకూ, మా అన్న టోపీకీ, ఈ గుట్టకీ. నేనేంటో మా ముగ్గురికీ ముందే తెలుసు. తెలియంది ఊరికి. రేపు ఎవులోహియా వాకిట్లో చెప్పు. అప్పుడు ఏడు."

మర్నాడు నికనోరా కుండతో వెళ్లేసరికి వాకిట్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు పిండి చుడుతున్నారు. వెంట వచ్చిన లిబ్రాదా వీధి గేటు బయటే ఆగిపోయింది. ఆ పెద్ద పీట తప్ప ఊళ్లో నికనోరాకంటూ వేరే గౌరవం లేదు. అయినా నిలబడి, గుట్ట దగ్గర చెప్పిన మాటలే, ఒక్కటీ మింగకుండా చెప్పింది.

ఎవులోహియా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "ఇరవై రెండేళ్లు ఆ కుళ్లుతో మా పొయ్యి దగ్గర కూర్చున్నావా?"

"కూర్చున్నాను. ప్రతి ఏడూ ఉడికాయి కూడా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవులోహియా నవ్వలేదు. నికనోరా వంగి, పొయ్యిలో కుండ బోర్లించేసింది.

"అయ్యో, బంగారమే!" అని కేక పెట్టింది ఒకామె.

"కాదమ్మా. బొగ్గులే," అంది నికనోరా. అవి మామూలు తుమ్మబొగ్గుల్లాగే చిటపటలాడి అంటుకున్నాయి. ఆమె ఇక పీట వైపు చూడకుండా గేటు దాటి వెళ్లి అరుగు మీద కూర్చుంది. ఆమె పక్కనుంచే లిబ్రాదా లోపలికి నడిచింది. ఎవులోహియా లేచి పెద్ద పీట ఆమెకు వేసింది.

గంటన్నర గడిచింది. నికనోరా గోడకు చేరగిలబడి ఆ వాసన పీల్చింది. ఇరవై రెండేళ్లు లిబ్రాదా ఎలా పీల్చిందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. కన్నీళ్లు వాటంతటవే కారిపోయాయి.

లోపల మూత లేచిన చప్పుడైంది. ఉడికాయి, ఉడికాయి అంటూ ఆడవాళ్లు గోలగోలగా నవ్వారు. కాసేపటికి లిబ్రాదా ఒక తమాలె పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. ఆకు విప్పి, రెండుగా తుంచి, సగం ఆమె చేతిలో పెట్టింది. మిగతా సగం తనే నమిలి మూతి ముడిచింది.

"ఉప్పు చాల్లేదు. రెండో వాయి పిండి నువ్వొచ్చి కలుపు, వదినా."