ముందు సీటు

అరవైల చివర్లో ఒకరోజు గజపతినగరం నుంచి విజయనగరానికి, మనిషికింతని ఎక్కించుకునే అద్దె కారులో వస్తున్నాను. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. చేపలమ్ముకుని ఖాళీ గంపతో తిరిగి వెళ్తున్న ఒకావిడ వెనక ఉంది. ఎత్తు ఎక్కేచోట ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. కారు కొని నెలైనా కాని డ్రైవరు కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కాడు.

"తొక్కకు బాబూ, పిస్టన్ పోతాది. గేరు దించి, కాలు తేలిగ్గా ఎట్టు," అందావిడ.

అతను అలాగే చేశాడు. చప్పుడు ఆగింది.

"నీకెలాగ తెలుసమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మా ఇంటాయన పెట్రోలుతో నడిచీ లారీ తోలీవోడు. ఆయనున్నన్నాళ్లూ నాను పక్కన కూకునీదాన్ని. నీ పెట్రోల్లో ఎవులో కిరసనాయిలు కలిపీసినారు. అందుకే ఇంజను అలా కొట్టుకున్నాది."

నేను కారు ఆపించి, ముందు సీటు ఆవిడకిచ్చాను. విజయనగరం దాకా ఆవిడ ఇంజను వింటూ, సన్నగా కూనిరాగం తీస్తూనే ఉంది.