ఆపండి మేడమ్

డుంబ్రిగుడ సంతలో రాజ్మా బేరమాడుతుండగా ఫోన్ వచ్చింది. మేడమ్ పోయారు. విజయనగరంలో కొడుకు ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నారట, మళ్ళీ లేవలేదట. సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గింజలు కొలుస్తున్న ఆవిడ చెయ్యి ఆపి, "ఏటయ్యిందమ్మా? మీ సుట్టాలా?" అని అడిగింది. ఏమని చెప్పను? "మా మేడమ్" అన్నాను. ఆవిడకి ఎంత అర్థమైందో గాని, ఇంక బేరం సాగదీయకుండా సంచి నింపి పంపించింది.

మేడమ్ మాకు ఫిజియోథెరపీ చెప్పారు. కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళని మళ్ళీ లేపి నడిపించే విద్య అది. మైదానంలో పుట్టి, ఉద్యోగానికని అరకు వచ్చి, రిటైరయ్యే దాకా కొండ దిగలేదు. మా బ్యాచ్‌లో ఏజెన్సీ ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదటి రోజే నా చేతిలో టీ గ్లాసు చూసి, "ఏటే గుంటా, కాఫీ తోటల్లో పుట్టి టీ తాగుతావేటి?" అన్నారు. ఆ మాటతో నా బెరుకు సగం పోయింది. మిగతా సగం ఆవిడ తిట్లతో పోయింది. చలికాలంలో పేషెంటుని ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకోకపోతే ఊరుకునేవారు కాదు. "మంచులో ముంచి తీసినట్టున్న చెయ్యి వేస్తే మనిషి బిగుసుకుపోడూ?" అనేవారు.

నేను చదువు ముగించి అదే కాలేజీలో ట్యూటరుగా చేరిన కొత్తలో మేడమ్‌కి వీడియోల ఆలోచన వచ్చింది. పాఠాల్ని చిన్న చిన్న వీడియోలుగా తీస్తే పిల్లలకీ, కొండ మీద ఊళ్ళకి వెళ్ళే ఆరోగ్య కార్యకర్తలకీ పనికొస్తాయని. నెట్‌లో అలాంటివి కుప్పలు తెప్పలు. కానీ అవన్నీ ఆసుపత్రి మంచం మీదే మొదలవుతాయి. మా ఇళ్ళలో పడక నేల మీద. "మంచమే లేని ఇంట్లో మంచం దిగడం నేర్పి ఏటి లాభం?" అని చాప పరిపించారు. కెమెరా అంటే నా ఫోనే. పేషెంటు మా పెద్దమ్మ. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయి, అప్పుడప్పుడే కోలుకుంటోంది.

తీసినవి తిన్నగా పిల్లలకి చూపించడానికి లేదు. మాతో ఏ సంబంధమూ లేని, పేర్లైనా తెలియని ముగ్గురు ఫిజియోథెరపిస్టులు చూసి తప్పులు రాసి పంపాలి. వాళ్ళు సరే అన్నాకే పాఠం. ఈ షరతు పెట్టింది మేడమే. ఇంత అనుభవం ఉన్న మీకు పరీక్షేమిటండీ అని తోటి లెక్చరర్లు అంటే, "నా వంట నేనే మెచ్చుకుంటే సరిపోద్దేటి? తిన్నోళ్ళు సెప్పాల" అన్నారు.

మనిషిని నేల మీంచి లేపి కూర్చోబెట్టడం మా మొదటి వీడియో. బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయాం. రివ్యూలు వచ్చాయి. ఇద్దరు మెచ్చుకున్నారు. మిగిలిన రివ్యూ రాసిన మనిషిని మేం రెండో ఆయన అనేవాళ్ళం, కాగితం మీద వరసలో రెండోది కాబట్టి. ఆయనో ఆవిడో ఇప్పటికీ తెలియదు. రాసింది ఇంతే: "పడిపోయిన వైపు జబ్బ పట్టి లాగుతున్నారు. పేషెంటు మొహం చూడండి."

మళ్ళీ వేసుకుని చూశాం. నిజమే. కరెంటు పోయేలా ఉందన్న తొందరలో మేడమ్ పెద్దమ్మ ఎడమ జబ్బ పట్టి లాగారు. సత్తువ లేని చేతిని అలా లాగితే భుజం కీలు జారుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకి ఆవిడే చెప్పే పాఠం అది. పెద్దమ్మ మొహం నొప్పితో ఒక్క క్షణం ముడుచుకుంది. గదిలో ఉన్నవాళ్ళమంతా చేతుల్నే చూశాం, మొహాన్ని ఎవరమూ చూడలేదు.

నాకైతే ఆ రెండో ఆయన మీద ఒళ్ళు మండింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరో గాని, వాళ్ళమ్మ కడుపు చల్లగుండ" అన్నారు. ఆ సాయంత్రమే మా ఊరు వచ్చి పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చున్నారు.

"నొప్పెట్టిందా అక్కా?"

"పెట్టింది గాని, సదువుకున్నోరు సేత్తన్నారు గదా, అలాగే సెయ్యాలేమోనని ఊరుకున్నాను" అంది పెద్దమ్మ.

మేడమ్ ఇంకాస్త దగ్గరికి జరిగారు. "ఈసారి ఊరుకోకు. ఆపండి మేడమ్ అను. నన్నే అను" అన్నారు.

మర్నాడు మళ్ళీ తీశాం. వీపున రెక్క ఎముక దగ్గర ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి, పెద్దమ్మ తనంతట తాను ఒత్తిగిలి లేచేలా. పాతది చెరిపేస్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. "ముందు నా తప్పు, తర్వాత ఒప్పు. రెండూ ఉండాల" అన్నారు. తప్పు చూపించడానికి వేరే ఎవరినైనా పెట్టమని ఒక రివ్యూయరు సలహా ఇచ్చారు. రెండో ఆయన మాత్రం ఇదే ఉంచమన్నారు.

అప్పటి నుంచి మేడమ్ క్లాసు చూసి తీరాల్సిందే. తప్పు ముక్క వేసి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎవరో ఒకరు "ఆపండి మేడమ్" అనే దాకా మళ్ళీ మళ్ళీ వేసేవారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లలు, గొంతు పెగిలేది కాదు పాపం. అన్నవాళ్ళకి తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసేవారు. తన తప్పు తనే తెరకెక్కించి, పట్టుకున్నవాళ్ళకి కాఫీ పోసే గురువు ఎంతమందికి దొరుకుతారు? నాకు దొరికారు. ఆ గర్వం నేను దాచుకోను.

సంతాప సభ అయ్యాక ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకి పిలిచారు. "పోయినావిడ తప్పు చేస్తూ కనబడటం బాగుండదమ్మా. ఆ ముక్క తీసేద్దాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"తీసేస్తే మళ్ళీ రివ్యూకి పంపాలి సార్. రెండో ఆయన ఒప్పుకోరు" అన్నాను.

ఆయన నవ్వారు. "సరే, కొత్త బ్యాచ్‌కి ఒకసారి చూపించు. ఎవరైనా ఆపమంటే ఉంచుదాం. లేకపోతే ఆవిడ మర్యాద మనమే కాపాడాలి కదా."

అప్పుడు భయం వేసింది నాకు. గోడ మీద దండ వేసిన ఫొటో, పక్కన తెర మీద అదే మనిషి. పోయిన పెద్దావిడని ఆపమని ఎవరంటారు? ఆ ముక్క పోతే మా మేడమ్ అసలు పాఠమే పోతుంది.

కొత్త బ్యాచ్ క్లాసులో వీడియో వేశాను. తెర మీద మేడమ్ అరచేతులు రుద్దుకుని, పెద్దమ్మ ఎడమ జబ్బ పట్టి లాగారు. క్లాసులో చప్పుడు లేదు. మళ్ళీ వేశాను. వెనక ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కదిలారు. తప్పేమిటో నేనే చెప్పెయ్యాలని నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. మళ్ళీ వేశాను.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ఫొటోకేసి చూసింది, తెరకేసి చూసింది.

"ఆపండి మేడమ్" అంది. "ఆ అమ్మకి నొప్పెడతంది."

ఆ మాట నాతో అనలేదు, తెర మీదున్న ఆవిడతో అంది.

వీడియో అక్కడే ఆపి, వెంట తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తీసి ఆ పిల్లకి కాఫీ పోశాను. అది తాగుతున్నంతసేపూ తెర మీద మేడమ్ చెయ్యి, లాగబోయి, పెద్దమ్మ జబ్బ మీద అలాగే ఆగి ఉంది.