రసూల్ చాచా, గద్వాల వైసు

పులుసు కోసం నానబెట్టిన చింతపండును పిసుకుతుంటే నాకు తుప్పు వాసన వస్తుంది. గిన్నె శుభ్రంగానే ఉంటుంది, నీళ్లూ మంచివే. అయినా తడిసిన పాత ఇనుము వాసన ముక్కుకు తగులుతుంది. ఒకసారి ఈ మాట మా ఆయనతో అంటే, కంచం పక్కకు జరిపి, ఆ పూటకు పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. దాదాపు ఎనిమిదేళ్లు ఆదివారాలన్నీ నేను వనపర్తిలో ఒక రేకుల షెడ్డులో, చింతపండు నీళ్ల తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి గడిపాను. నల్లబడి కూరకు పనికిరాని నిరుటి చింతపండు తుప్పును తినేస్తుందని నాకు నేర్పినవాడు రసూల్ చాచా.

ఆయన ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక గళ్ల తువ్వాలు. రిటైరయ్యాక కొందరు కోళ్లు పెంచుతారు, కొందరు రాజకీయాలు మాట్లాడతారు. ఈయన పాత వైసులు పోగుచేశాడు. బల్లకు బిగించి ఉండే ఇనుప పట్టు అది. రెండు దవడల మధ్య ముక్కను పెట్టి పిడి తిప్పితే బిగుసుకుంటుంది, ఇక ఆ ముక్కను ఆకురాయితో రుద్దినా, రంపంతో కోసినా కదలదు. మూతపడ్డ పల్లినూనె మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో, ఎక్కడ పాత వైసు ఉందని తెలిసినా చాచా మోపెడ్ వేసుకుని బయలుదేరేవాడు. గోపాల్‌పేట, మానవపాడు, ఇటిక్యాల, ఆయన తిరగని ఊరు లేదు.

నాకు ఆయన పరిచయమైంది తిట్లతోనే. నేను వనపర్తి ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్పడానికి చేరిన కొత్త. ఆడమనిషి ఆకురాయి పట్టడమేమిటని అప్పటికే వెనకాల గుసగుసలు నడుస్తున్నాయి. అందుకని ఏ పనైనా చకచకా చేసి చూపించాలని నాకు ఆత్రం. అసలు నిదానం అన్నది నా ఒంట్లో లేదు. అన్నం ఉడికిందో లేదోనని నేను మూత తీసినన్నిసార్లు నాగర్‌కర్నూల్ మొత్తంలో ఇంకెవరూ తీసి ఉండరని మా అమ్మ అనేది. ఆ ఆత్రంలోనే స్టోరు గది ఖాళీ చేయించి, తుప్పుపట్టిన వైసులన్నింటినీ పాత ఇనుములో వేయించాను. మర్నాడు మధ్యాహ్నం, నేను క్లాసులో ఉండగా, ఒక పెద్దాయన భుజాన గోనెసంచితో గుమ్మంలో నిలబడ్డాడు. సంచిని నా బల్ల మీద దబ్బున దించాడు.

"ఎవరమ్మా గీ వైసును పారేసింది?"

"నేనే సార్. తుప్పు పట్టింది. తిరుగుత లేదు."

"తిరుగుత లేదంటె నీకు తిప్పరాదన్నట్టు. అది సచ్చిపోయిందని ఎవరు చెప్పిన్రు నీకు?"

పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా, "ఐతారం మా ఇంటికి రా బిడ్డా, తిప్పి సూపిస్త" అని తన చిరునామా చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మాట అబద్ధమని నిరూపించడానికే వెళ్లాను. సాయంత్రానికి ఆ వైసు వేలితో తోస్తే తిరుగుతోంది. ఆ తర్వాతి ఆదివారం పిలవకుండానే వెళ్లాను.

ఆయన పద్ధతులు ఆయనవి. ముందు వైసును విప్పి, కదిలే దవడను తాడుకు వేలాడదీసి చిన్న సుత్తెతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. బీడు, అంటే పోత ఇనుము, నిండుగా ఉంటే ఖంగుమంటుంది. లోపల ఎక్కడైనా పగులుంటే ఆ మోత సగంలో ఆగిపోతుంది. ఈ పరీక్ష కొన్నప్పుడు ఒకసారి, బాగుచేసి ఎవరికైనా ఇచ్చేముందు వాళ్ల కళ్ల ముందే ఇంకోసారి. పాత పనివాళ్లు తమ పేరును వైసు మీద చుక్కలు చుక్కలుగా గుద్దుకునేవారు. ఆ పేర్లను ఆయన ఎప్పుడూ రుద్ది చెరపలేదు. నేనొకసారి బాగా నునుపు చేద్దామని మిషను పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆయన నలభై ఏండ్లు దీనిమీద పనిజేసిండు. మనం జేసింది నాలుగు దినాలు. జర ఆగు" అన్నాడు. బాగుచేసినవాటిని షెల్ఫులో పెట్టి మురిసిపోయే రకం కూడా కాదు. పని ఉన్నవాడు ఎవరైనా అడిగితే ఇచ్చేసేవాడు. ఒక్క షరతు, దాన్ని వాడుతూ ఉండాలి. షెడ్డులో సొంత పనికి మాత్రం ఒకటి బిగించి ఉండేది. పెద్దది, బరువైనది, ఆయనకు ప్రాణం.

గద్వాల నుంచి అనసూయమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె భర్త మగ్గాల మీద అంచు డిజైను వేసే జకార్డు పెట్టెలను మరమ్మతు చేసేవాడు. ఆయన పోయాక ఆ పని ఆమె చేతికి వచ్చింది. ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని అందించిన మనిషి, పనంతా ఆమెకు తెలుసు. అయినా నేతగాళ్లు కొందరు ఇంకా అనుమానంగానే చూస్తున్నారట. ఇల్లు మారేటప్పుడు ట్రాక్టరు మీంచి వైసు జారిపడి కదిలే దవడ పగిలింది. పెళ్లిళ్ల కాలం దగ్గరపడుతోంది, మూడు మగ్గాలవాళ్లు పెట్టెలు విప్పి ఎదురుచూస్తున్నారు.

"వేరేది ఇస్త చెల్లె, తీస్కపో" అన్నాడు చాచా.

"వద్దు రసూలన్నా. సన్న కొక్కేలు పట్టెతందుకు దీని దవడను మా ఆయన సొంతంగ రాకిండు. నా చెయ్యి దీనికే అలవాటైంది. సోమారం కల్లా గావాలె. ఈ ఒక్కపాలి మాట తప్పిననుకో, ఆడిదానికి ఏం వస్తదని ఇంకెవ్వరూ రారు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. అది నా మాట కూడా. "చాచా, దీన్ని నేను అతుకుత" అన్నాను. అప్పటిదాకా ఆయన పక్కన నిలబడి చూడటమే తప్ప బీడు అతికింది లేదు. చాచా తలూపాడు.

శనివారం పొద్దున బొగ్గుల మీద దవడను ఎర్రగా కాల్చి, గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి పగులులో పోశాను. బాగా వచ్చింది. ఆయన మెచ్చుకున్నాడు కూడా. అలా అతికిన బీడు మెల్లగా చల్లారాలి. గాలి తగిలి గబుక్కున చల్లారితే అతుకు పక్కనే మళ్లీ విచ్చుకుంటుంది. అందుకని మిల్లు నుంచి తెచ్చిన పల్లిపొట్టు బూడిదను డ్రమ్ములో పోసి, దవడను దాని నడుమ పాతిపెట్టాం. "రేపు పొద్దుగాల్ల దాంక ముట్టకు" అని చెప్పి చాచా మనవరాలిని దవాఖానకు తీసుకుపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి నేను బూడిద తవ్వాను. ఎందుకు తవ్వానంటే చెప్పడానికి కారణం లేదు. ఎలా వచ్చిందో చూడాలనిపించింది, అంతే. అతుకు బంగారంలా మెరుస్తోంది. పటకారుతో పైకెత్తి వెలుతురుకు తిప్పి చూస్తూ మురిసిపోతున్నాను. టిక్కుమని ఒక చిన్న చప్పుడు. అతుకు పక్కన వెంట్రుకంత గీత. గబగబా మళ్లీ బూడిదలో పాతేశాను, దానివల్ల ఏదో ఒరుగుతుందన్నట్టు.

ఆదివారం చాచా దవాఖాన నుంచి వచ్చేలోపే నేను దవడ తీసి, గీత మీద లప్పం పట్టించి, ఆరాక ఆకుపచ్చ రంగు వేసేశాను. పేరు గుద్దిన చోట మాత్రం రంగు పడకుండా తుడిచాను, అంత జాగ్రత్త. చాచా వచ్చి దవడను అటూ ఇటూ తిప్పి చూశాడు. "రంగు గూడ ఏసినవా? మంచిది" అన్నాడు. తాడు తీయలేదు, సుత్తె అడగలేదు. మనవరాలి పరేషానులో మర్చిపోయాడనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

సోమవారం వైసును రెండు సంచుల్లో పెట్టుకుని బస్సెక్కాం. పెబ్బేరు దాటి, కృష్ణ మీద వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరాం. అనసూయమ్మ బల్ల తుడిచి సిద్ధంగా పెట్టుకుంది. విప్పిన జకార్డు పెట్టె ఒకటి పక్కనే ఉంది, దాని యజమాని కూడా కూర్చుని ఉన్నాడు. చాచా కదిలే దవడను సంచిలోంచి తీసి, దూలానికి తాడు కట్టి వేలాడదీశాడు. జేబులోంచి చిన్న సుత్తె తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు జేసిన పని. నువ్వే కొట్టి వినిపియ్యి బిడ్డా."

అప్పుడు అర్థమైంది, ఆయనకు తెలుసని. ఆ సుత్తె పావుకిలో కూడా ఉండదు, నా చెయ్యి లేవలేదు. అనసూయమ్మ నవ్వుతూ చూస్తోంది. నేను ఊరుకుంటే ఆమె దాన్ని బిగించుకుంటుంది, పని నడుమ ఒకరోజు అది విరిగి ఆమె వేళ్ల మీద పడుతుంది. ఆ మగ్గం మనిషి ముందు నోరు తెరిస్తే నా పరువు పోతుంది.

"అక్కా, ఇది పగిలింది. చల్లారక ముందే తీసి నేనే పగలగొట్టిన. పైన లప్పం పెట్టి రంగేసిన" అన్నాను.

ఆమె నవ్వు పోయింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "మళ్ల ఎన్నడైతది?" అని మాత్రం అడిగింది. మగ్గం మనిషి లేచి తన పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె అతన్ని ఆపలేదు. నా వల్ల ఆమెకు పోయిన పని అది, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిరుగు బస్సులో అడిగాను. "చాచా, మీకు ఎప్పుడు తెల్సింది?"

"రంగు సూడంగనే. బీడు గంత నున్నగ ఉంటదా?"

"మరి అక్కడనే అడగొచ్చు కద. గింత దూరం మోసుకొచ్చినంక..."

"నేనడిగితే నాకు భయపడి ఒప్పుకుంటుంటివి. నాకు భయపడితే ఏమొస్తది? పని ఆమెది" అన్నాడు. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తుంటి. గని శానా బాధైతుండె" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన తన షెడ్డులోని పెద్ద వైసును బోల్టులు విప్పి, ఆటోలో వేసుకుని గద్వాల వెళ్లి అనసూయమ్మ బల్లకు బిగించి వచ్చాడు. దాని దవడలు ఆమె పనికి మోటు. అయినా మిగిలిన ఇద్దరి పెట్టెలు దాని మీదే సకాలంలో చేసిచ్చింది. ఆమె వైసు మళ్లీ సిద్ధమయ్యేదాకా, పన్నెండు రోజులు, చాచా నేల మీద కూర్చుని, ముక్కను కాళ్ల మధ్య ఇరికించుకుని ఆకురాయి పట్టాడు. నేను అతుకంతా తొలిచి, మళ్లీ కాల్చి, మళ్లీ పోశాను. ఈసారి బూడిదలో రెండు రోజులు ఉంచి, ఆ రెండు రోజులూ షెడ్డు తాళంచెవి ఆయన భార్య చేతికిచ్చాను. అనసూయమ్మ వైసు ఈనాటికీ గద్వాలలో పనిచేస్తోంది. మొదటి రోజు లేచిపోయిన మనిషి కూడా తర్వాత ఆమె దగ్గరికే వచ్చాడు.

రెండేళ్ల కిందట చాచా మంచం పట్టాడు. చూడటానికి వెళ్తే ముందు వైసుల సంగతే అడిగేవాడు. ఆఖరుసారి వెళ్లినప్పుడు, మానవపాడు మిల్లులో దొరికిన దాన్ని అతికానని చెప్పాను. ఇప్పటిదాకా నేను చేసినవాటిలో అంత అందంగా వచ్చింది లేదు.

"మోగిందా?" అన్నాడు, గొంతు సరిగా రాకుండానే.

"మోగింది చాచా. గని ఒక దగ్గర నాకు నమ్మకం లేదు. ఎందుకో చెప్పలేను."

"అయితె ఎవరికీ ఇయ్యకు" అన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు, నిద్రపోతున్నాడని నేను లేచి వచ్చేశాను. వారానికి పోయాడు.

ఆ వైసు ఐ.టి.ఐ.లో నా గదిలో ఒక మూల ఉంటుంది. అడిగినవాళ్లు చాలామంది. మొన్న కొత్త బ్యాచి పిల్ల ఒకతి దాని పిడి తిప్పి చూసి, "మంచిగున్నది కద మేడం, మాకెందుకియ్యరు?" అంది. "నేనే అతికిన. గట్టిగున్నదో లేదో నాకు తెల్వదు" అన్నాను. మిగతా పిల్లలు కూడా విన్నారు. నేర్పే మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి. అయినా ఎవరడిగినా అదే చెప్తాను.