ఇనుప ఉయ్యాలలో కడుపుమంట

మా బావమరిదికి ఒకటే జబ్బు. ఎవరు ఏ పని బాగా చేసినా అతనికి కడుపు మండుతుంది. ఆ మంట దాచుకోడు కూడా. కొత్తగా సుత్తి కొన్న పక్కింటాయన గోడకి మేకు తిన్నగా దించితే, "అబ్బ, వంకర పోలేదే! నాకు కడుపు మండిపోతోందండీ" అని మొహం మీదే అనేశాడు. అందరూ అతన్ని మంటన్న అంటారు.

పగలంతా ఫ్యాన్లు రిపేరు చేస్తాడు. సాయంత్రమైతే మెటల్ బ్యాండులో గిటారు. బ్యాండు పేరు ఇనుప ఉయ్యాల. పిడుగులు పడ్డట్టు మోగే పాట మధ్యలో జోలపాట వస్తుంది. పిల్లలు నిద్రపోయే లోపే కవాతు బాజా మొదలవుతుంది. వినేవాళ్ళు ముందు ఉలిక్కిపడతారు, తర్వాత పడీపడీ నవ్వుతారు.

డ్రమ్ములు వాయించేవాడు బేకరీలో పిండి కలుపుతాడు. "పొద్దంతా పిండి పిసికి ఈ స్పీడేంట్రా? ఇవాళ నాకు నిద్ర పట్టదు" అని మంటన్న వాపోయాడు.

"అయితే పడుకోకన్నా, ఇంకో పాట కొడదాం."

మొదటి ఆల్బమ్‌లో మంటన్న కోరింది ఒక్కటే. పోయిన గొడుగు కోసం గుండెలవిసేలా ఏడ్చే పాట ఒకటుంది. అందులో జోలపాట అయ్యాక తన గిటారు ఒక్కటే మోగాలి. అందరితో పోట్లాడి సాధించాడు.

తీరా రికార్డింగు రోజున, పాడాల్సిన టైలరమ్మ మైకు చూసి బిగుసుకుపోయింది. చూద్దామని నేనూ వెళ్ళాను. స్టూడియో సాయంత్రం వరకే వాళ్ళది. ఆ పాట లేకపోతే ఆల్బమ్ లేదు.

"నా వల్ల కాదన్నా, ఇంటికెళ్ళిపోతా."

"వెళ్ళు తల్లీ, నాకే మంచిది!" అని మంటన్న ఎగిరాడు. "నువ్వు గర్జిస్తే నా గిటారు ఎవడైనా విన్నాడా? నెలల తరబడి కుళ్ళి చస్తున్నా!"

"నిజంగానా?"

"లేకపోతే ఈ మంట నాకు సరదానా?"

ఆమె లేచి గర్జించింది. స్టూడియో అద్దం అదిరింది. తర్వాత కళ్ళు మూసుకుని జోల అందుకుంది. మంటన్న వంతు వచ్చింది. ఆమె ఆపలేదు. అతను తీగల మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"మీ సోలో పోయింది, మళ్ళీ తీద్దామా?" అన్నాడు రికార్డింగాయన.

"అది ముట్టుకున్నావో, చూడు!"

బయటికొచ్చాక, "దొంగపిల్ల, నా సోలో కొట్టేసింది బావా, కడుపు మండిపోతోంది" అన్నాడు, మొహమంతా నవ్వు.

పేరున్న గిటారిస్టుల ఊసెత్తితే మాత్రం మంటన్నకి చీమ కుట్టినట్టయినా ఉండదు. కారణమడిగితే, "వాళ్ళకి నా ఏడుపు దేనికి బావా?" అన్నాడు.

నాకు అప్పుడు పుట్టింది అసలు అసూయ. ఇన్నేళ్ళుగా పత్రికలో రోజూ రాస్తున్నా, నన్ను చూసి వాడి కడుపు ఒక్కసారీ మండలేదు.

ఆల్బమ్ మీద పేజీ నిండా రాశాను. మర్నాడు పేపర్లో చూస్తే, మా ఎడిటరు కోసి కోసి, మూలన చిన్న ముక్క మిగిల్చాడు. తాడోపేడో తేల్చుకుందామని లేచేసరికి ఫోను మోగింది.

"ఏం రాశావు బావా! మేము ఆల్బమంతా అరిచి చెప్పింది అంత చిన్న ముక్కలో ఎలా ఇరికించావు? కడుపు మండిపోతోంది!"

మళ్ళీ కూర్చుని, ఇంకో వార్త అందుకున్నాను.